కుక్క ముక్కా, చేతికి సెన్సరా? రోగాన్ని పసిగట్టే పని ఎవరికి అప్పజెప్పాలి

పోయిన సంక్రాంతికి ముందు డల్లాస్ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇరవై రెండు వేల డాలర్లట. పెట్టొచ్చంటావా?" అంది. కారు గురించేమో అనుకున్నాను. కాదు, కుక్క గురించి.

మా మేనల్లుడికి తొమ్మిదేళ్ళు. ఆరో ఏట టైప్ 1 షుగర్, అంటే రోజూ ఇన్సులిన్ తీసుకోక తప్పని రకం, బయటపడింది. రాత్రిపూట షుగర్ పడిపోతే వాడికి తెలియదు, దుప్పటి చెమటకు తడిసిపోయినా అలాగే పడుకుని ఉంటాడు. షుగర్ పడిపోతున్న సంగతి వాసనతో ముందే కనిపెట్టి లేపే కుక్కను ఇస్తామని ఒక సంస్థవాళ్ళు చెల్లెలికి వీడియో పంపారు. అందులో అర్ధరాత్రి కుక్క మంచమెక్కి తల్లి చెయ్యి నాకుతుంది, ఆవిడ ఉలిక్కిపడి లేచి పక్క గదిలోకి పరుగెత్తి పాపకు జ్యూస్ పడుతుంది. చూసి చెల్లెలు ఏడ్చేసిందట. నాకూ గొంతు పట్టేసింది గానీ ఆ మాట దానికి చెప్పలేదు. "వారం టైమివ్వు" అన్నాను.

నేను డాక్టర్ని కాదు. గుంటూరులో మందుల షాపు నడుపుతున్నాను. గ్లూకోమీటర్ స్ట్రిప్పులు, చేతికి అంటించుకునే సెన్సర్లు రోజూ అమ్ముతాను. సెన్సర్ అమ్ముడైతే నాకు నాలుగు రూపాయలు మిగులుతాయి, ఆ సంగతి గుర్తుపెట్టుకునే ఇది చదవండి. ఆ వారంలో మొదలైన చదువు నెలల తరబడి సాగింది. షుగర్‌తో మొదలై క్యాన్సర్, పార్కిన్‌సన్స్ (వణుకు జబ్బు), టీబీ దాకా వెళ్ళింది. ఈలోగా షాపుకొచ్చేవాళ్ళు కూడా "కుక్క వాసన చూసి క్యాన్సర్ చెప్పేస్తోందటగా" అని వాట్సాప్ వీడియోలు చూపించడం మొదలుపెట్టారు. అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

ముందు, ఇది నిజమేనా?

నిజమే. 1989లో లండన్ డాక్టర్లు ఇద్దరు, విలియమ్స్, పెంబ్రోక్, లాన్సెట్ అనే వైద్య పత్రికకు ఒక ఉత్తరం రాశారు. ఒకావిడ పెంచుకున్న కుక్క ఆవిడ కాలి మీదున్న ఒక పుట్టుమచ్చను పట్టుకు వదలడం లేదు. ప్యాంటు వేసుకున్నా పైనుంచే వాసన చూస్తోంది, పక్కనే ఉన్న మిగతా మచ్చల జోలికి మాత్రం పోవడం లేదు. ఒకరోజు ఆవిడ నిక్కరు వేసుకుంటే ఏకంగా ఆ మచ్చను కొరికెయ్యబోయింది. అప్పుడుగానీ ఆవిడ డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు. పరీక్ష చేస్తే అది మెలనోమా, చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైన రకం. తొలిదశలో దొరికింది కాబట్టి బతికింది. ఆ కుక్కకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు.

మన ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50 లక్షలు ఉంటాయి. కుక్కకు జాతిని బట్టి 20 కోట్లు దాటతాయి. అంతేకాదు, అది గాలిని వదిలేటప్పుడు ముక్కుకు రెండు పక్కలా ఉన్న చీలికల్లోంచి వదులుతుంది. అందుకని ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు. రోగం వచ్చినప్పుడు ఒంట్లో జరిగే రసాయన మార్పులు చెమటలో, ఊపిరిలో, మూత్రంలో ఆవిరయ్యే పదార్థాలుగా బయటికొస్తాయి. షుగర్ పడిపోయినప్పుడు ఊపిరిలో ఐసోప్రీన్ అనే పదార్థం పెరుగుతుందని 2016లో కేంబ్రిడ్జ్ వాళ్ళు చూపించారు. కుక్కలు పట్టేది అచ్చంగా దాన్నేనా అన్నది ఇంకా తేలలేదు.

కాబట్టి కుక్కకు వాసన తెలుస్తుందా లేదా అని వాదించి లాభం లేదు. మంచి ముక్కు వేరు, మంచి పరీక్ష వేరు. డబ్బు పెట్టేముందు తేల్చుకోవాల్సిన తేడా ఇదే.

షుగర్ పడిపోవడం: కుక్కా, సెన్సరా, స్ట్రిప్పా

ముందు స్ట్రిప్ సంగతి. వేలికి పిన్ను గుచ్చి రక్తపు చుక్కతో చూసేది. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, చూసిన ఆ క్షణానికి నమ్మకమైనదే. కానీ మీరు లేచి గుచ్చితేనే చెబుతుంది. రాత్రి రెండింటికి, నాలుగింటికి అలారం పెట్టుకుని లేచి పిల్లాడి వేలు గుచ్చే తల్లులు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు. వాళ్ళ కళ్ళ కింద నలుపు చూస్తే చాలు, ఇది ఏళ్ళ తరబడి సాగే పని కాదని తెలిసిపోతుంది.

సెన్సర్, అంటే సీజీఎం, భుజం మీద అంటించుకునే బిళ్ళ. లోపల సన్నటి తీగ చర్మం కింద ఉండి, అక్కడి ద్రవంలో గ్లూకోజ్‌ను నిమిషాల వ్యవధిలో కొలుస్తూ ఉంటుంది. రక్తంలో మార్పు దానికి చేరేసరికి ఐదు నుంచి పదిహేను నిమిషాల ఆలస్యం ఉంటుంది. మంచి మోడళ్ళు ఈ ఆలస్యాన్ని లెక్కేసుకుని ముందుగానే హెచ్చరిస్తాయి. అమెరికాలో మా చెల్లెలు వాడుతున్న డెక్స్‌కామ్ సెన్సర్, 20 నిమిషాల్లో షుగర్ 55కి పడిపోయేలా ఉంటే ఇప్పుడే మోగుతుంది. పక్క గదిలో ఉన్న తల్లి ఫోన్లోనూ, ఆఫీసులో ఉన్న తండ్రి ఫోన్లోనూ మోగుతుంది.

ఇప్పుడు కుక్క. దీని మీద రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్కదాన్నే చదివితే ఏదో ఒక వైపు కొట్టుకుపోతాం.

2019లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు బ్రిటన్‌లోని మెడికల్ డిటెక్షన్ డాగ్స్ అనే ధర్మసంస్థ తయారుచేసిన 27 కుక్కల రికార్డులు చూశారు. షుగర్ పడిపోయిన సందర్భాల్లో నడిమి రకం కుక్క 83 శాతం పట్టింది. ఎక్కువైనప్పుడు 67 శాతం. గొప్ప సంగతే. అయితే ఆ రికార్డులు ఇంట్లోవాళ్ళు రాసుకున్నవి. కుక్క లేపినప్పుడు స్ట్రిప్ పెట్టి చూస్తారు, రాస్తారు. కుక్కా లేపక, మనిషీ లేవకపోతే ఆ పూట సంగతి రాసేదెవరు?

2017లో అమెరికాలోని ఒరెగాన్ వాళ్ళు దీన్నే వేరే దారిలో చూశారు. అప్పటికే కుక్కలున్న ఎనిమిది మందికి సెన్సర్ అంటించారు కానీ రీడింగ్ వాళ్ళకు కనపడకుండా దాచారు. కుక్క ఎప్పుడు చెప్పింది, సెన్సర్ ఎప్పుడు చూసింది అని తర్వాత సరిపోల్చారు. షుగర్ పడిపోయిన వాటిలో కుక్కలు పట్టింది 36 శాతమే. కుక్క చెప్పిన ప్రతి వందసార్లలో నిజంగా షుగర్ తక్కువున్నది 12 సార్లు. రెండూ పట్టిన సందర్భాల్లో ఎక్కువసార్లు సెన్సరే ముందు, తేడా సుమారు 22 నిమిషాలు. తమాషా ఏమిటంటే ఆ ఎనిమిది మందికీ తమ కుక్క మీద గట్టి నమ్మకం. నాకది అబద్ధమనిపించలేదు. మనవాడు పదిసార్లు తప్పు చెప్పినా ఒక్కసారి ప్రాణం కాపాడితే మనకు ఆ ఒక్కటే గుర్తుంటుంది.

బ్రిస్టల్ వాళ్ళు చూసిన 27 కుక్కల్లో కూడా ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు. ఒకే కంపెనీ సెన్సర్లు రెండు కొంటే దాదాపు ఒకేలా పనిచేస్తాయి. ఒకే సంస్థ కుక్కలు రెండు తెచ్చుకుంటే ఒకటి ఆణిముత్యం కావచ్చు, ఇంకోటి బిస్కెట్ కోసం నటించేది కావచ్చు. షుగర్ పట్టినప్పుడల్లా తినడానికి ఏదో ఇస్తాం కదా. తెలివైన కుక్క వారం తిరిగేసరికి వచ్చి చెయ్యి నాకితే బిస్కెట్ వస్తుందని నేర్చుకుంటుంది. అందుకే ముందు స్ట్రిప్ పెట్టి చూసి, నిజమైతేనే పెట్టాలని శిక్షకులు నొక్కి చెబుతారు. అర్ధరాత్రి నిద్రమత్తులో ఈ నియమం ఎంతమంది పాటిస్తారో మీకే వదిలేస్తాను.

సెన్సర్లో లోపాలు లేవా? బోలెడు. పిల్లాడు ఆ చెయ్యి మీదే ఒత్తిగిలి పడుకుంటే నొక్కుడుకు రీడింగ్ ఉత్తినే పడిపోయి అలారం మోగుతుంది. అంటించిన మొదటిరోజు లెక్కలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా, చార్జింగ్ అయిపోయినా అంతే సంగతులు. మే నెలలో మా ఊరి ఎండకు స్టిక్కర్ ఊడిపోయి, ఆ బిళ్ళను కాగితంలో పొట్లం కట్టుకుని షాపుకొచ్చి "మార్చి ఇవ్వండి" అనేవాళ్ళు ఏటా వస్తారు. అన్నిటికంటే పెద్ద జబ్బు అలారం విసుగు. మా చెల్లెలి అసలు బాధ అదే. మూడేళ్ళుగా రోజూ మోగేసరికి చెవి దాన్ని పట్టించుకోవడం మానేసింది. ఒకరాత్రి మోగి మోగి ఊరుకుంది, తెల్లారి చూస్తే 48. అప్పటినుంచే కుక్క ఆలోచన మొదలైంది.

కుక్క ఇక్కడ నిజంగా గెలుస్తుంది. ఫోన్‌ను దిండు కింద పెట్టేయగలం గానీ మీదకెక్కిన ముప్పై కిలోల లాబ్రడార్‌ను పెట్టలేం. షుగర్ పడిపోతే లక్షణాలు తెలియని స్థితికి చేరిన పెద్దవాళ్ళకు, ఒంటరిగా ఉండేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. ధైర్యం, తోడు, బయటికెళ్ళి నడవాలన్న బుద్ధి, ఇవన్నీ కుక్కతో పాటు వస్తాయి. వీటిని ఏ అధ్యయనంలోనూ శాతాల్లో పెట్టలేరు.

ఖర్చు చూద్దాం. మన దగ్గర ఒక సెన్సర్ పద్నాలుగు రోజులు వస్తుంది, ధర సుమారు ఐదు వేలు. నెలకు పది వేలు అనుకోండి. మధ్యతరగతికి బరువే. నెలంతా పెట్టలేనివాళ్ళకు నేను చెప్పేది: మందు డోసు మార్చినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, పరీక్షల సీజన్లో పెట్టించండి. మిగతా రోజులు స్ట్రిప్‌తో లాగండి. కొనేముందు "దీనికి అలారం ఉందా?" అని తప్పక అడగండి. మన మార్కెట్లో ఎక్కువగా తిరిగిన లిబ్రే అనే సెన్సర్ పాత మోడల్‌కు అలారం లేదు, మనం ఫోన్ దగ్గర పెట్టి చూస్తేనే చెబుతుంది. లిబ్రే ప్రో అయితే డాక్టర్ దగ్గర మాత్రమే చూస్తారు. రాత్రి భయానికని కొని, అలారం లేనిది తీసుకెళ్ళినవాళ్ళను చూశాను. డబ్బు స్థోమత ఇంకా ఉంటే, షుగర్ పడిపోతున్నట్టు అనిపించగానే ఇన్సులిన్‌ను దానంతటదే ఆపేసే పంపులున్నాయి. కుక్క ఎంత మంచిదైనా ఆ పని చెయ్యలేదు.

కుక్క విషయానికొస్తే అమెరికాలో ధరలు చుక్కల్లో ఉన్నాయి. 2018లో వర్జీనియా రాష్ట్ర అటార్నీ జనరల్ ఒక సంస్థ మీద కేసు వేశారు. షుగర్ పట్టే కుక్కలని 18 వేల నుంచి 27 వేల డాలర్లకు అమ్మారనీ, చాలా ఇళ్ళకు సరైన శిక్షణ లేని పిల్లకుక్కలు చేరాయనీ అందులో ఆరోపణ. కొన్ని ధర్మసంస్థలు ఉచితంగానే ఇస్తాయి, కానీ ఏళ్ళ తరబడి ఆగాలి. ఇంటికొచ్చాక తిండి, వెటర్నరీ డాక్టర్, రోజూ సాధన ఎలాగూ ఉంటాయి. ఎనిమిది పదేళ్ళు పనిచేసి అది ముసలిదైపోతుంది. తొమ్మిదేళ్ళ పిల్లాడు ఇంటర్ దాటేసరికి ఇంకో కుక్క కావాలి.

మన ఊళ్ళ సంగతి ఇంకో రకం. విజయవాడ ఎండలో నాలుక బయటపెట్టి రొప్పుతున్న కుక్క వాసన సరిగ్గా పట్టలేదు, నోటితో గాలి పీలుస్తున్నప్పుడు ముక్కుకు పని తక్కువ. ఏసీ గదిలోనే ఉంచాలి. ఆ గదిలోకి కుక్క రావడానికి అత్తగారు ఒప్పుకోవాలి. స్కూల్లోకి రానివ్వరు, పరీక్ష హాల్లోకి అసలే రానివ్వరు. అమెరికాలో అయితే వికలాంగుల చట్టం ప్రకారం శిక్షణ పొందిన సర్వీస్ కుక్కను బడికీ హోటల్‌కీ తీసుకెళ్ళొచ్చు. అదే చట్టం కింద ఆ కుక్కకు సర్టిఫికెట్ అవసరమూ లేదు. కాబట్టి ఆన్‌లైన్‌లో ఎవరైనా "సర్టిఫైడ్, రిజిస్టర్డ్" అని కార్డు చూపించి ధర పెంచుతుంటే ఆ కార్డుకు విలువ లేదని అర్థం చేసుకోండి. అసిస్టెన్స్ డాగ్స్ ఇంటర్నేషనల్ గుర్తింపు ఉన్న సంస్థేనా అని చూడటం మేలు.

అక్కడి మనవాళ్ళలో ఎవరైనా ఇంకా కుక్క వైపే మొగ్గుతుంటే ఒక పని చెయ్యండి. షుగర్ తక్కువున్నప్పుడు పిల్లాడి చెమటను దూదితో తుడిచి సీసాలో పెట్టి ఫ్రీజర్లో దాచడం ఈ శిక్షణలో మామూలు పద్ధతి. అలాంటివి కొన్ని, షుగర్ బాగున్నప్పుడు తీసినవి కొన్ని, ఏది ఏదో శిక్షకుడికీ తెలియకుండా మీరు నంబర్లు వేసి ఇచ్చి, మీ కళ్ళ ముందు పట్టించమనండి. శిక్షకుడికి జవాబు తెలిస్తే కుక్క సీసాను కాదు, ఆయన ముఖాన్ని చదువుతుంది. మా చెల్లెలు ఇది అడిగితే ఆ సంస్థవాళ్ళు "మా కుక్కలు ల్యాబులో పనిచెయ్యవండీ, ప్రేమతో పనిచేస్తాయి" అన్నారట. ఫోన్ పెట్టేశాక ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

నా సలహా: ముందు అలారం ఉన్న సెన్సర్, దానికి తోడు స్ట్రిప్. కుక్క వీటి తర్వాతే. అది కూడా సెన్సర్ మోగినా లేవలేని పరిస్థితి ఉండి, కుక్కను కుక్కగా ప్రేమించే ఇల్లయితేనే. సెన్సర్ తీసేసి కుక్కను పెట్టుకోవద్దు. ఏది హెచ్చరించినా చేసే పని ఒకటే: షుగర్ 70 కంటే తక్కువుంటే మూడు నాలుగు చెంచాల పంచదార గానీ గ్లూకోజ్ పొడి గానీ నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు. షుగర్‌ను పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఉంటే అది, లేకపోతే నేరుగా ఆస్పత్రి.

క్యాన్సర్: కుక్క పరీక్షా, స్కానింగా

ఇక్కడ వీడియోలు ఎక్కువ, ఓపిక తక్కువ. కథలు మాత్రం అద్భుతం. 2004లో ఇంగ్లండ్‌లోని ఆమర్‌షమ్‌లో ఆరు కుక్కలకు మూత్రాశయ క్యాన్సర్ వాసన నేర్పారు. ఏడు నమూనాల్లో ఒకటి రోగిది, దాన్ని పట్టాలి. 54 సార్లలో 22 సార్లు పట్టాయి, అంటే 41 శాతం. గుడ్డిగా వేలు పెడితే వచ్చేది 14 శాతం. శిక్షణలో ఉండగా ఆరోగ్యవంతుడిదని పెట్టిన ఒక సీసా దగ్గర కుక్కలన్నీ ఆగిపోతుండేవి. శిక్షకులకు విసుగొచ్చి చివరికి ఆయనకు పరీక్షలు చేయిస్తే కిడ్నీలో క్యాన్సర్ బయటపడింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2011లో జపాన్‌లో ఒక లాబ్రడార్ ఊపిరి, మలం నమూనాల మీద పెద్దపేగు క్యాన్సర్‌ను 90 శాతానికి పైగా పట్టింది. 2015లో ఇటలీలో రెండు జర్మన్ షెపర్డ్ కుక్కలు మగవాళ్ళలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథికి వచ్చే క్యాన్సర్‌ను మూత్రంలో దాదాపు తప్పు లేకుండా పట్టాయి. అయితే 2014లో బ్రిటన్‌లో అదే ప్రోస్టేట్ మీద ఇంకో జట్టు పది కుక్కలతో మొదలుపెడితే పరీక్ష దశకు మిగిలినవి రెండు. ఆ రెండూ కొత్త నమూనాల దగ్గర తేలిపోయాయి. కారణం చూస్తే మన ఇంటర్ పిల్లలే గుర్తొస్తారు. క్యాన్సర్ వాసన ఏమిటన్నది నేర్చుకోకుండా, శిక్షణలో చూపించిన ఒక్కో సీసా వాసననూ బట్టీ పట్టేశాయి. ప్రశ్న మారేసరికి జవాబు లేదు.

ఇప్పుడు అందరూ పంపిస్తున్నది 2024లో అచ్చయిన ఇజ్రాయెల్ అధ్యయనం. స్పాటిట్‌ఎర్లీ అనే కంపెనీది. 1,386 మంది మాస్కులోకి ఊపిరి వదిలారు, కుక్కలు వాసన చూశాయి, కుక్క కదలికలను కంప్యూటర్ చదివింది. రొమ్ము, ఊపిరితిత్తులు, పెద్దపేగు, ప్రోస్టేట్ క్యాన్సర్లున్నవాళ్ళలో 94 శాతం మందిని పట్టాయి, లేనివాళ్ళలో 94 శాతం మందిని లేదని సరిగ్గా చెప్పాయి. బెంగళూరులో డాగ్నోసిస్ అనే సంస్థ కూడా ఈ దారిలోనే ఉంది. ఇది తీసిపారేసే పని కాదు.

కానీ ఒక చిన్న లెక్క చెయ్యండి. మీ కాలనీలో ఏ లక్షణాలూ లేని వెయ్యి మంది ఈ పరీక్షకు వెళ్ళారనుకోండి. అందులో నిజంగా క్యాన్సర్ దాగి ఉన్నవాళ్ళు ఐదుగురు అనుకుందాం. ఆ ఐదుగురినీ కుక్క దాదాపు పట్టేస్తుంది, సంతోషం. మిగిలిన 995 మందిలో 94 శాతాన్ని సరిగ్గా వదిలేసి, 6 శాతాన్ని, అంటే సుమారు అరవై మందిని కూడా "ఉంది" అంటుంది. అంటే ఉందని ఫోన్ వచ్చిన అరవై అయిదు మందిలో అయిదుగురికే జబ్బు. తక్కిన అరవై ఇళ్ళల్లో నెలరోజులు అన్నం సహించదు. స్కానింగులు, బయాప్సీలు, అప్పులు, మొక్కులు. రొమ్ముకు తీసే ఎక్స్‌రే, మామోగ్రామ్‌లోనూ ఈ బాధ ఉంది, కాదనను. కానీ అది ఏ రొమ్ములో ఏ మూలన మచ్చ ఉందో ఫిల్మ్ మీద చూపిస్తుంది. కుక్క కూర్చుంటుంది, అంతే. ఎక్కడ అని అడిగితే తోక ఊపుతుంది.

కుక్క "లేదు" అన్నప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ కాగితం చూసుకుని గడ్డను వదిలేస్తే? షాపులో రోజూ కనిపించే రోగం ఇదే, తనకు నచ్చిన రిపోర్టు వచ్చిందాకా ల్యాబులు మార్చే రోగం.

దీనికి పోటీగా ఉన్నవి చూడండి, ఎంత మామూలువో. ముప్పై దాటినవాళ్ళకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు ఇరవై ఏళ్ళు చేసిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేత్తో రొమ్ము పరీక్ష చేస్తేనే యాభై దాటిన ఆడవాళ్ళలో ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్ పూసి చూసే పరీక్షతోనూ అక్కడే మరణాలు 31 శాతం తగ్గాయి. ఇవి "ఎంత పట్టింది" అనే లెక్కలు కావు, "ఎంతమంది బతికారు" అనే లెక్కలు. కుక్కల దగ్గర ఈ రెండో లెక్క ఇంకా లేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు చుట్టను తిరగేసి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవాళ్ళుంటే, అంగిట్లో తెల్లమచ్చ చూడటానికి టార్చిలైటు చాలు.

కాబట్టి ఏ క్యాన్సర్‌కు పరీక్ష ఉందో దాన్ని వదిలి కుక్క దగ్గరికి వెళ్ళొద్దు. ఎథిక్స్ కమిటీ అనుమతితో, డబ్బు తీసుకోకుండా జరిగే అధ్యయనంలో మిమ్మల్ని అడిగితే ఊపిరి ఇచ్చి రండి, మంచి పనే. డబ్బు తీసుకుని రిపోర్టు చేతిలో పెడితే, అందులో "ఉంది" అని వస్తే తర్వాతి స్కానింగ్ ఎవరు చేస్తారో, ఖర్చెవరిదో ముందే అడగండి. ఇంకొకటి: మీరు పెంచుకున్న కుక్క మీ ఒంటి మీద ఒకే చోటును రోజుల తరబడి వాసన చూస్తూ, గీరుతూ ఉంటే ఒకసారి చర్మ డాక్టర్‌కు చూపించండి. దానికి కన్సల్టేషన్ ఫీజు తప్ప పోయేదేం లేదు.

మిగతావి, పొట్టిగా

పార్కిన్‌సన్స్‌కు వాసన ఉంటుందని మొదట చెప్పింది కుక్క కాదు, స్కాట్లండ్ నర్సు జాయ్ మిల్న్. భర్తకు జబ్బు తేలడానికి దాదాపు పన్నెండేళ్ళ ముందే ఆయన ఒంటి వాసన మారిందని ఆవిడ కనిపెట్టింది. 2025లో బంపర్, పీనట్ అనే రెండు కుక్కలు చర్మపు జిడ్డు నమూనాల మీద జబ్బున్నవాళ్ళలో 70, 80 శాతం మందిని పట్టాయని బ్రిటన్‌లో ఫలితాలు వచ్చాయి. మీరు వెళ్ళి చేయించుకునే పరీక్షగా అది ఇంకా రాలేదు. ఈ జబ్బులో చాలామందికి వణుకు కంటే ముందు తమ ముక్కే మొద్దుబారుతుంది. కూర మాడిన వాసన నాన్నకు తెలియడం లేదంటే, నడక కూడా నెమ్మదించిందంటే న్యూరాలజిస్టును కలవండి.

కుక్క అందరికంటే ముందుండేది జనం బారులు తీరిన చోట. 2020 సెప్టెంబరులో హెల్సింకి విమానాశ్రయంలో చెమట తుడిచిన గుడ్డ వాసన చూసి కోవిడ్ ఉన్నవాళ్ళను క్షణాల్లో పట్టే కుక్కలను దింపారు. తర్వాత అచ్చయిన పరీక్షలో వాటి సరితనం 92 శాతం. మన సైన్యం కూడా మీరట్‌లో కాస్పర్ అనే కాకర్ స్పానియల్‌కు, జయ, మణి అనే తమిళనాడు చిప్పిపారై జాతి కుక్కలకు ఈ విద్య నేర్పింది. వెయ్యి మందిలో ఎవరిని పక్కకు పిలవాలో తేల్చడానికి కుక్క బ్రహ్మాండం. పక్కకు పిలిచాక మళ్ళీ ల్యాబే.

టీబీకి అయితే కుక్కను కూడా ఓడించే అభ్యర్థి ఉంది. టాంజానియాలోని మొరొగొరోలో అపోపో సంస్థ పెంచే పెద్ద జాతి ఎలుకలు. వంద కఫం నమూనాలను ఇరవై నిమిషాల్లో వాసన చూసేస్తాయి, మైక్రోస్కోప్ ముందు మనిషికి అవి రోజుల పని. టీబీ లేదని క్లినిక్ చెప్పిన రోగులను కూడా అవి పట్టి ఇస్తాయి, ఆ నమూనాను మళ్ళీ ల్యాబులో నిర్ధారిస్తారు. మన దగ్గర రెండు వారాలు దాటిన దగ్గుంటే ఎలుక కోసం వెతక్కండి. ప్రభుత్వాసుపత్రిలో కఫం ఇస్తే టీబీ క్రిమిని పట్టే ట్రూనాట్ గానీ సీబీనాట్ గానీ పరీక్ష ఉచితంగా చేస్తారు.

చెల్లెలు చివరికి ఆ ఇరవై రెండు వేల డాలర్లు పెట్టలేదు. సెన్సర్ అలారం శబ్దం మార్చి, మంచం పక్కన పెద్ద స్పీకర్ పెట్టింది. రాత్రి వంతులు వేసుకుని, మంగళ, శుక్ర, ఆదివారాలు బావగారికి అప్పజెప్పింది. మేనల్లుడు అంతటితో ఊరుకోలేదు, కుక్క అన్న మాట వాడి చెవిన పడింది కదా. షెల్టర్ నుంచి ఏ శిక్షణా లేని బక్క కుక్కపిల్లను తెచ్చుకున్నారు. దానికి షుగర్ వాసనా తెలియదు, ఏమీ తెలియదు. కానీ స్పీకర్ మోగితే ఇంట్లో అందరికంటే ముందు లేచేది అదేనట. జ్యూస్ డబ్బా ఉన్న అల్మారాలోనే దాని బిస్కెట్లూ ఉంటాయి.